అతుకుపని

నాకు పువ్వులొక్కటే తెలుసు.
ఎనిమిది రేకులు, నడుమ ఒక చుట్టు,
డజను అయితే ఒక కట్ట.
కట్టలు దయామణికి ఇస్తాను, అతుకుపని ఆవిడది.
అతికాక కాజాకట్టుకి మంగతాయారింటికి.
ఆ పైన ఏజెంటు సంచీ, ఆ పైన నరసాపురం,
ఆ పైన ఏముందో
మా పేటలో ఎవరూ చూసి రాలేదు.

ముప్పై ఏళ్లు అల్లాను.
ఒక్క బల్లగుడ్డ పరిచి ఉండగా చూడలేదు.
దాని మీద ఎవరి పులుసు ఒలికిందో,
ఏ ఊరి పిల్లాడు కొస పట్టుకు లాగాడో.
రేషను కార్డులో నేను గృహిణిని.
చూపుడువేలి పక్కన కాయకట్టిన చోటుని అడిగితే
వేరే చెబుతుంది.

ఈ ఆషాఢంలో మాలు తిరిగొచ్చింది.
తేమ పట్టిందట. పసుపు మరకలట.
గుమ్మంలో సంచీ బోర్లించి
"ఉతికి చూడండి" అని ఏజెంటు బండెక్కాడు.
డబ్బుల మాట నా నోట్లో ఉండగానే
పొగ వీధి మలుపు తిరిగింది.

పువ్వుల గుట్ట చుట్టూ కూర్చున్నాం,
చావింట్లో కూర్చున్నట్టు.
నూకరత్నం ఒక్కతే నవ్వింది.
"లాకు వంతెనకి మూడు కమ్మీలు లేవు గదే" అంది.

లేవు. దాళవా కోతలప్పుడు ట్రాక్టరు గుద్దింది.
మూడు అర్జీలు పెట్టాం.
ఎస్టిమేటు వేశారని ఒకసారి,
వేసినాయన బదిలీ అయ్యాడని ఒకసారి.
మూడోసారి కుర్చీలో ఎవరూ లేరు.
బడి సైకిళ్లు ఆ సందు దగ్గరికొచ్చేసరికి
నా చేతిలో సూది ఆగిపోయేది.

నూకరత్నం పెనిమిటి వలలల్లుతాడు.
ఆకుపచ్చ నైలాను కండెలు రెండు
చెప్పకుండా తెచ్చింది.
అన్నాలయ్యాక వెళ్లి
కాలవ మీదికి కాళ్లు వేలాడేసి కూర్చున్నాం.
గడప అవతల సూది పట్టడం నాకదే మొదలు.
ఎండ పడితే నూలు ఇంత తెల్లగా ఉంటుందా!
వేళ్లు సిగ్గుపడి
రెండు ముడులు తప్పాయి.

వలకి పువ్వు, పువ్వుకి పువ్వు.
సందు నిండిపోయినా చేతులు ఊరుకోలేదు.
ఉన్న కమ్మీలకీ తొడుగులు,
లాకు తిప్పే ఇనప చక్రానికి కుచ్చులు.
లస్కరు వచ్చాడు.
"గవర్నమెంటు ఆస్తి" అన్నాడు.
కాసేపు నించున్నాడు.
"ఆ మూల వదులుగా ఉందమ్మా, బిగించండి" అన్నాడు.

నాలుగో రోజు పొద్దువాలాక
దయామణి లేచి వెనక్కి నడిచింది.
ఇంకా వెనక్కి, కాలవగట్టు మీద
బాతులవాడి గుడిసె దాకా.
అక్కడ్నుంచి తిరిగి చూసింది.
"ఇదా!" అంది.
ఇంకేం అనలేదు.
మేమంతా ఒక్కొక్కరే అక్కడిదాకా నడిచి
చూసొచ్చాం.
నీళ్లలో ఇంకో వంతెన తలకిందులుగా,
దానికీ మా పువ్వులే.

వారానికి ఏజెంటు బండాపాడు.
ఫోనులో నాలుగు ఫొటోలు తీసి
"ఇలాంటిది మీటరు ఎంతకిస్తారు?" అన్నాడు.
మంగతాయారు చీరకొంగుతో మొహం తుడుచుకుని
"ఉతికి చూడమన్నావుగా బాబూ,
వాన ఉతుకుతోంది, ఆరనీ" అంది.

నాకు మాత్రం ఒక బెంగ.
రెండో కమ్మీ మీద నా పువ్వొకటుంది, ఏడు రేకులది.
చూపు మందగించాక అల్లినది.
బల్లగుడ్డలో అయితే కోత పడేది.
ఇక్కడ అందరూ దాని పక్కనుంచే పోతారు,
ఎవరూ లెక్కపెట్టరు,
నేను తప్ప.

నిన్న పెరంటాలు మేక దాన్నే పట్టుకుంది.
కొస దొరికింది కాబోలు, లాక్కుంటూ గట్టు దిగింది.
వరసంతా గిరగిరా ఊడుతోంది.
పెరంటాలు తిడుతూ వెనకే పరిగెత్తింది,
తిడుతూనే
నోట్లోంచి వస్తున్న దారాన్ని
మోచేతికి చుట్టుకుంటూ.
నేను సూది తీసుకుని బయల్దేరాను.